కృష్ణాతీరంలో ఆదిమానవుని వేట

మిర్యాలగూడ పేరు చెప్పగానే ఈనాడు ఎవరికైనా వడ్లు, బియ్యపు మిల్లులు జ్ఞాపకం వస్తవి. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువ తెచ్చిన రూపం. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలినారు. అంతకు ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం జొన్న, సజ్జ, ఆముదం పండే మెట్టనేల. ఇంకా వెనుకకు, సేద్యమన్నదే మనిషికి తెలియని కాలానికి పోయి చూస్తే? అప్పుడు కూడా కృష్ణ ఒడ్డున మనుషులు ఉన్నారు. వారికి నాగలి లేదు, మంద లేదు, గాదె లేదు. రేపటికని దాచుకొన్న గింజ లేదు. త్రవ్వి తీసిన దుంప, చెట్టున పండిన పండు, వేటలో పడిన జంతువు, ఇవే వారి ఆహారం. కొన్ని వేలు కాదు, కొన్ని లక్షల సంవత్సరాలు మనిషి ఈ విధంగానే బ్రతికినాడు. దీనితో పోల్చితే సేద్యం నిన్న మొన్నటిది.

ఆ మనిషి వేట ఎట్లా సాగించేవాడు? దుప్పి మనిషి కంటె వేగంగా పరుగెత్తుతుంది. అడవిపందికి కోరలున్నవి. అడవిదున్న కొమ్ముతో ఒక్క విసురు విసిరితే మనిషి లేవడు. మనిషికి కోరలు లేవు, గోళ్ళు లేవు, కాళ్ళలో వేగం లేదు. కుక్కకు ఉన్నంత ముక్కుబలం కూడా లేదు. అయినా వాటిని పట్టి తిన్నది అతడే.

ఆదిమానవుడనగానే మన కండ్లముందు ఒక పటం కదలుతుంది. నడుముకు తోలు చుట్టుకొని, జుట్టు విరబోసుకొన్న మనిషి ఒక పెద్ద రాతిని రెండు చేతులా పైకెత్తి పులిమీదనో, బొచ్చు ఏనుగుమీదనో విసురుతూ ఉంటాడు. ఈ పటంలో తప్పులు పెక్కు ఉన్నవి. ఒత్తయిన బొచ్చుగల మామత్ అనే ఏనుగు చలిదేశాల జంతువు. అది కృష్ణాతీరానికి ఎన్నడూ రాలేదు. పులిని తిండికొరకు వెదకి పోయే మనిషి ఏ కాలంలోనూ ఉండడు. అన్నిటికంటె పెద్ద తప్పు చేతిలోని రాయి. దానిని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి.

మిర్యాలగూడకు నైరుతి దిశలో, కృష్ణ కుడి ఒడ్డున నాగార్జునకొండ లోయ ఉండేది. ఉండేది అనడమే సరి, ఇప్పుడది జలాశయం అడుగున ఉన్నది. ఆనకట్ట పూర్తి అయితే లోయ మునిగిపోతుందని తెలిసి, భారత పురావస్తు శాఖ ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వాన 1954 నుండి 1960 వరకు అక్కడ త్రవ్వకాలు సాగించింది. ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి, బౌద్ధ విహారాలు, స్తూపాలు బయటపడినవి. ఆ స్తూపాల కీర్తిలో, అదే లోయలో దొరికిన రాతి పనిముట్ల సంగతి సామాన్యులకు అంతగా తెలియలేదు. కె. వి. సౌందరరాజన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ లోయలోను, చుట్టుపట్ల నదీతీరపు గులకపొరలలోను రాతియుగపు పనిముట్లను సేకరించి, వరుసక్రమాన పరిశీలించి 1958లో ప్రకటించినాడు. ఎదుటి ఒడ్డున, మన నల్లగొండ జిల్లా వైపున ఉన్న ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ త్రవ్వకాలు చేయించినారు. బృహత్‌శిలా సమాధుల నుండి ఆలయాల వరకు అనేక కాలాల ఆనవాళ్ళు అక్కడ లభించినవి. ఏలేశ్వరం కూడా మునిగినది. పొలాలకు నీరు ఇచ్చిన జలాశయమే ఆ పొలాలకు పూర్వపు చరిత్రను కప్పివేసింది. కాని ఆ ఆనకట్ట తలపెట్టకపోతే ఆ లోయను అంత శ్రద్ధగా, అంత తొందరగా త్రవ్వి ఉండేవారు కారన్నది కూడా నిజమే.

నాగార్జునకొండ రాళ్ళను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చును. అతి ప్రాచీనమైనవి చేగొడ్డళ్ళు. క్వార్ట్జైటు అనే గట్టి రాతి గుండును రెండు వైపులా చెక్కి, బాదం గింజ ఆకారానికి తెచ్చినవి ఇవి. ఒక చివర మొనగా ఉంటుంది, రెండవ చివర పిడికిట్లో ఇముడుతుంది. తరువాతి కాలంలో రాతినుండి పెచ్చులు ఊడగొట్టి, ఆ పెచ్చులనే పనిముట్లుగా చేసుకొన్నారు. చివరివి సూక్ష్మశిలలు. గోరంత, వ్రేలి కణుపంత ఉండే సన్నని పలుకులు. పనిముట్టు తరము మారినకొద్దీ చిన్నదయినది. దీనికి కారణమేమిటో వేట సంగతి తెలిస్తేగాని అర్థం కాదు.

ఇటువంటి చేగొడ్డలిని దక్షిణ భారతంలో మొట్టమొదట గుర్తించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరంలో ఒక గులక గోతిలో దానిని ఆయన చూచినాడు. మద్రాసుకు వాయవ్యాన గల అత్తిరంపాక్కంలో అట్టి రాళ్ళు సుమారు 15 లక్షల సంవత్సరాలనాటివని 2011లో ప్రకటించినారు. ఇంత సుదీర్ఘకాలం మనిషి చేతిలో నిలిచిన పనిముట్టు మరొకటి లేదు.

ఆ రాయిని జంతువుమీద విసిరేవాడా? విసిరి ఉండడు. గంటసేపు శ్రమపడి చెక్కిన రాతిని పారిపోయే దుప్పిమీద విసిరి, పొదలలో పోగొట్టుకొనేంత తెలివితక్కువవాడు కాడతడు. చేగొడ్డలి చేసే పని జంతువు పడిన తరువాత మొదలవుతుంది. తోలు చీల్చడం, కీళ్ళు విడదీయడం, కండ కోయడం, ఎముక పగులగొట్టి మూలుగ తీయడం దాని పనులు. కర్ర చెక్కడానికి, దుంప త్రవ్వడానికి కూడా పనికివస్తుంది. అంటే అది వేటగాని ఆయుధం కంటె వంటింటి కత్తిపీటకు దగ్గర. చంపిన ఆయుధం వేరే ఉన్నది. అది కర్ర. కర్ర కుళ్ళిపోయింది, రాయి మిగిలింది. మిగిలిన దానిని చూచి, అదే అంతా అనుకొని పటం వ్రాసినారు.

కర్ర మిగిలిన చోటు ప్రపంచంలో చాలా అరుదు. జర్మనీలో షోనింగెన్ అనే చోట బొగ్గుగని త్రవ్వుతుండగా, ఒక ప్రాచీన సరస్సు ఒడ్డున బురదలో కప్పబడిన కర్ర ఈటెలు బయటపడినవి. 1994 నుండి 1998 వరకు హార్ట్‌మూట్ టీమె అనే శాస్త్రజ్ఞుడు వాటిని వెలికి తీసినాడు. గాలి సోకని బురదలో ఉన్నందున అవి కుళ్ళలేదు. సుమారు రెండు మీటర్ల పొడవు. లేత చెట్టు మొదలుభాగం మొనవైపుకు వచ్చేటట్లు చెక్కినవి. బరువు ముందువైపున ఉండి, విసిరినపుడు తిన్నగా పోవడానికి ఈ ఏర్పాటు. వాటి చుట్టూ పదులకొద్దీ గుర్రాల ఎముకలు పడి ఉన్నవి. వాటి వయస్సు నాలుగు లక్షల ఏండ్లని మొదట అనుకొన్నారు. పిమ్మట మూడు లక్షలన్నారు. 2025లో ప్రకటించిన పరిశోధన రెండు లక్షలకు తెచ్చింది. ఏ లెక్క తీసుకొన్నా, మనవంటి మనుషులు ఐరోపాలో స్థిరపడటానికి చాలా ముందటి సంగతి. ఇటువంటి ఈటెకు నమూనా చేయించి, ఈటె విసరడంలో శిక్షణగల క్రీడాకారుల చేతికిచ్చి 2019లో లండనులో పరీక్షించినారు. 20 మీటర్ల దూరాన ఉన్న గురిని కూడా బలంగా కొట్టగలిగినారు. అంతకుముందు పండితులు పది మీటర్లకు మించదని అంటూ ఉండేవారు. ఈటె విసరడం తెలియనివారిచేత విసిరించడమే ఆ అంచనాకు ఒక కారణం!

ఇరవై మీటర్లంటే రమారమి ఒక పెద్ద తరగతి గదికి రెండింతలు. మేస్తున్న దుప్పికి అంత దగ్గరగా పోవడం ఎంత కష్టమో అడవి ఎరిగినవారిని అడగండి. గాలి మనవైపు నుండి వీస్తే దానికి వాసన తగులుతుంది. ఎండుటాకు చప్పుడయితే తల ఎత్తుతుంది. చెట్టుమీది కొండముచ్చు కేక వేస్తే మందంతా మాయమవుతుంది. ఈటె బలంగా విసరడం వేటలో చివరి క్షణం మాత్రమే. దానికి ముందు గంటలు, రోజులు గడుస్తవి. ఏ జంతువు ఏ వేళకు ఎక్కడ నీరు త్రాగుతుంది, ఏ నెలలో ఏ చెట్టు క్రింద రాలిన కాయలకు వస్తుంది, తరిమితే ఏ వైపు పరుగెత్తుతుంది అన్నది తెలియనివానికి ఎంత వాడి ఈటె ఉన్నా ఆకలే మిగులుతుంది.

ఈ దృష్టితో నాగార్జునకొండ లోయను ఒకసారి ఊహించుకొందాము. మూడు వైపులా నల్లమల కొండల పాయలు. నాలుగవ వైపున కృష్ణ. వేసవిలో మన ఎండలు ఎట్లా ఉంటవో వేరే చెప్పనక్కరలేదు. వాగులు ఎండిపోతవి. కొండమీది దొనలలో నీరు ఇంకిపోతుంది. కొండలమీది జంతువులు దిగి, ఇరుకు దారులగుండా నదిలోని మడుగులకు రావలసిందే. నీటి ఒడ్డున బండచాటున పొంచిన నలుగురికి, కొండదారి మొదట కేకలు వేసే మరి నలుగురు తోడయితే, కొండలే గోడలు, నదియే తలుపు. ఇక్కడ ఫలానా రోజున ఈ విధంగా వేట జరిగిందని చెప్పడానికి ఎముకల సాక్ష్యం లేదు. ఇది నేల పోకడను బట్టి చేసే ఊహ. కాని రాతి పనిముట్లు నీటి దరిని, కొండల మొదట దొరకడం దక్కనులో సర్వసాధారణం. చెక్కడానికి మంచి గులకరాళ్ళు, త్రాగడానికి నీరు, నీటికి వచ్చే జంతువు, మూడూ ఒక్కచోటనే ఉన్నపుడు మనిషి మరొక చోట ఎందుకు ఉంటాడు?

జంతువులను తోలి పట్టడమనే ఊహకు కూడా హద్దు ఉండాలి. ఫ్రాన్సులో సొలుట్రె అనే నిట్రమైన కొండ ఉన్నది. దాని మొదట వేలకొలది గుర్రాల ఎముకలు గుట్టలుగా పడి ఉన్నవి. 1866లో త్రవ్వకాలు మొదలైనవి. ఆదిమానవులు గుర్రాల మందలను కొండమీదికి తోలి, అంచు నుండి క్రిందికి దూకించినారని ఒక నవలలో కథ అల్లినారు. ఆ కథ ఎంత బాగా అతికిందంటే చాలాకాలం చరిత్ర పుస్తకాలలోకి కూడ ఎక్కింది. కాని ఎముకలు నిటారు అంచుకు సరిగ్గా దిగువన లేవు. ఎత్తునుండి పడితే విరగవలసిన రీతిలో విరిగి లేవు. ఏటేటా మేతకు తరలిపోయే గుర్రాలను కొండ మొదట ఇరుకు చోట అడ్డగించి చంపినారని తరువాతి పరిశోధకులు తేల్చినారు. అట్లాగని దూకించే పద్ధతి ఎక్కడా లేదని కాదు. కెనడాలో హెడ్ స్మాష్డ్ ఇన్ అనే చోట అక్కడి ఆదివాసులు వేల ఏండ్లపాటు అడవిదున్నలను నిజంగానే అంచు దాటించి చంపినారు. దున్నలను అంచువైపు మళ్ళించడానికి పేర్చిన రాళ్ళ వరుసలు నేటికీ కనబడుతవి. ఒకచోట నిజమైనది మరొకచోట కల్పన కావచ్చును. ఎముకలను అడిగితేనే తెలుస్తుంది.

ఎముకలను అడగడమంటే ఏమిటి? రాతి అంచుతో కండ కోసినపుడు ఎముకమీద సన్నని, లోతైన గీటు పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే అది ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఉంటుంది. హైనా పంటి గాటు వెడల్పుగా, గుంటగా ఉంటుంది. రెండూ ఒకే ఎముకమీద ఉంటే ఏది పైన, ఏది క్రింద అని చూస్తారు. రాతి గీటును పంటి గాటు దాటిపోయి ఉంటే, మనిషి తిని వదిలినదానిని హైనా కొరికింది. పంటి గాటుమీద రాతి గీటు పడి ఉంటే, సింహమో హైనాయో తిని వదిలినది మనిషి ఏరుకొన్నాడు. ఆఫ్రికాలో టాంజానియా దేశపు ఓల్డువాయి లోయలో సుమారు 18 లక్షల ఏండ్లనాటి ఎముకలమీద ఈ రెండు రకాల గుర్తులు ఉన్నవి. మన పూర్వులు మొదట్లో వేటగాండ్రా, క్రూరమృగాల ఎంగిలి తిన్నవారా అన్న వాదం 1980 తరువాత చాలాకాలం పండితులలో సాగింది. రెండూ చేసి ఉంటారని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకొంటున్నారు. దీనిలో సిగ్గుపడవలసినది లేదు. దొరికిన మాంసం దొరికిన మాంసమే. ఎముక లోపలి మూలుగను తీయడానికి రాయి కావాలి. అక్కడ మనిషికి మృగాలలో పోటీ తక్కువ.

ఎముకలను చదివేవారిని మోసగించే జంతువు ఒకటి మన అడవులలోనే ఉన్నది. ఏదుపంది పండ్లు అరుగుటకు ఎండిన ఎముకలను గుహలలోకి లాక్కొనిపోయి కొరుకుతుంది. దాని పంటి చాళ్ళు చూచి, మనిషి చెక్కిన పనిముట్టు అని భ్రమపడే ప్రమాదం ఉన్నది.

మన నదీతీరపు గులకపొరలలో రాయి నిలుస్తుంది గాని ఎముక నిలవడం అరుదు. అందుచేత ఎముకల కొరకు సున్నపురాతి గుహలకు పోవాలి. అట్టివి కర్నూలు ప్రాంతంలో ఉన్నవి. బేతంచెర్ల సమీపాన బిల్లసుర్గం గుహలను ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1884, 1885 సంవత్సరాలలో త్రవ్వినారు. అనేక జంతువుల ఎముకలు దొరికినవి. వాటిలో ఖడ్గమృగానివి కూడా ఉన్నవి. నేడు అస్సాం వంటి ప్రాంతాలకే పరిమితమైన ఆ జంతువు ఒకప్పుడు రాయలసీమలో తిరిగిందన్నమాట. ఆ గుహలలోనే మళ్ళీ పరిశోధన జరిపి 2014లో ప్రకటించిన ఫలితం ఇంకా ఆసక్తికరమైనది. గత రెండు లక్షల ఏండ్ల పొరలలో గుర్తింపగలిగిన 21 రకాల క్షీరదాలలో ఒక్కటి తప్ప మిగిలినవన్నీ నేటికీ జీవించి ఉన్నవేనట. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాలలో పెద్ద జంతువులు అనేకం ఈ కాలంలోనే నశించినవి. మన దేశంలో ఆ నష్టం చాలా తక్కువ. అంటే కృష్ణాతీరపు వేటగానికి ఎదురైన జంతువుల స్వభావం మనం పటాలు చూచి ఊహించుకోనక్కరలేదు. దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది నల్లమలలో ఇప్పటికీ తిరుగుతున్నవి.

కర్నూలు గుహలలో ముచ్చట్ల చింతమాను గవి మరొకటి. ఎం. ఎల్. కె. మూర్తి అనే శాస్త్రజ్ఞుడు 1970 తరువాత దీనిని త్రవ్వినాడు. ఇక్కడ రాతి పనిముట్ల కంటె ఎముకతో చేసిన పనిముట్లే ఎక్కువగా దొరికినవి. నిప్పు రాజేసిన పొయ్యి ఆనవాలు కూడ దొరికింది. దాని కాలం సుమారు 17,000 ఏండ్ల క్రిందటిది. పొయ్యి ఉన్నదంటే కాల్చిన మాంసం ఉన్నది. పంచుకొని తినే నలుగురు ఉన్నారు. ఎదిగిన మగ దుప్పి 80 కిలోల దాకా తూగుతుంది. మన ఎండలో మాంసం రెండవ రోజుకే చెడిపోతుంది. ఒక్కడు చంపినా, ఒక్కడు తినలేడు. పొగబెట్టి, ఎండబెట్టి ఒరుగులు చేసినా కొంతవరకే. ఈ రోజు నేను నీకు పెడితే రేపు నీవు నాకు పెడతావన్న లెక్క, ఉప్పు కంటె ముందు మనిషి కనిపెట్టిన నిలవ పద్ధతి అనవచ్చును.

ఇప్పుడు సూక్ష్మశిలల సంగతికి వద్దాము. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఒక రాతిచరియ క్రింద సుమారు 35,000 ఏండ్లనాటి నుండి సూక్ష్మశిలలు వరుసగా లభించినవి. నాగార్జునకొండలోని గోరంత పలుకులు కూడా ఈ జాతివే. ఒక పలుకును విడిగా చేతపట్టి ఏమీ చేయలేము. కర్రకు సన్నని గాడి తీసి, చెట్టు బంకతో నాలుగైదు పలుకులు వరుసగా అతికించితే అది రంపపు పండ్ల వంటి అంచు గల ములికి అవుతుంది. ఒక పలుకు విరిగితే అది ఒక్కటే మార్చుకోవచ్చును. సంచిలో కొన్ని పలుకులు, కొంత బంక ఉంటే వేటగాడు ఎంత దూరమైనా పోగలడు. క్వార్ట్జైటు గుండును మోసుకొని తిరిగే అవసరం తీరింది. రాయి చిన్నది కావడమంటే ఇదే: బలం రాతినుండి కర్రకు, కర్రనుండి నారికి మారింది.

నారి అంటే విల్లు. విల్లు ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో తెలిపే కర్రలు మిగలలేదు గాని బాణపు మొనలు కొన్ని మిగిలినవి. మన పొరుగున శ్రీలంకలో ఫాహియాన్ లేన గుహలో సుమారు 48,000 ఏండ్లనాటి ఎముక మొనలు దొరికినవి. అవి బాణపు ములుకులని 2020లో పరిశోధకులు ప్రకటించినారు. ఆ గుహవాసుల ఆహారంలో ఎక్కువ భాగం కోతులు, చెట్టు ఉడతలు! దట్టమైన అడవిలో చెట్టుకొమ్మమీది కోతిని ఈటెతో కొట్టలేరు, విల్లు కావాలి. అడవి మారితే వేట మారుతుంది, వేట మారితే ఆయుధం మారుతుంది.

బాణం తగిలిన దుప్పి తగిలినచోటనే కూలుతుందని సినిమాలలో చూపుతారు. కాని ఎక్కువసార్లు అది పారిపోతుంది. రక్తం కారుతూ, బలం తగ్గుతూ ఎక్కడనో పడిపోతుంది. వేటగాడు వెంటనే వెంటబడడు. తరిమితే దూరం పోతుంది. వదిలివేస్తే కొంత దూరాన పొదలో పండుకొంటుంది. అతడు కూర్చొని, ఆగి, ఆ తరువాత ఆకుమీది రక్తపు చుక్క, నలిగిన గడ్డి, తిరగబడిన రాయి చూచుకొంటూ పోతాడు. జాడ చదవడమే వేటలో సగం.

జాడ చదవడంతోనే, ఆయుధం దాదాపు లేకుండానే సాగే వేట ఒకటి ఉన్నది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో కొందరు వేటగాండ్రు పట్టపగలు, 40 డిగ్రీలకు పైబడిన ఎండలో, కూడూ అనే పెద్ద జింకను గంటల తరబడి తరుముతారు. జింక వేగంగా పోతుంది గాని బొచ్చుగల ఒంటికి చెమట చాలదు. రొప్పడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకోవాలి. దౌడు తీస్తూ రొప్పడం కష్టం. నీడన ఆగి చల్లబడేలోగా మనిషి వచ్చి మళ్ళీ లేపుతాడు. మనిషి ఒంటిమీద బొచ్చు లేదు. ఒళ్ళంతా చెమట పోస్తుంది. చివరకు జింక వేడికి తాళలేక నిలబడిపోతుంది. మనకు లోపమని మొదట అనుకొన్న బోడి చర్మం ఇక్కడ ఆయుధమయింది. ఈ పద్ధతి అన్ని చోట్లా సాగదు. జాడ కనబడే విశాలమైన నేల, మండే ఎండ ఉండాలి.

కృష్ణకు ఇరువైపులా నల్లమలలోను, అమరాబాదు పీఠభూమిలోను చెంచులు ఉన్నారు. వారిని ఆదిమానవులతో ముడిపెట్టి వ్రాయడం కొందరికి అలవాటు. అది సరికాదు. చెంచులు మన కాలపు మనుషులు. వారి బాణాలకు ఇనుప ములుకులు ఉండేవి, అంగడితో వారికి ఇచ్చిపుచ్చుకోలు ఉండేది. అయినా సేద్యం లేకుండా ఇదే నేలమీద బ్రతికిన వారినుండి నేర్వదగినది చాలా ఉన్నది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వారి మధ్య నివసించి 1943లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆయన గమనించిన ముఖ్యమైన విషయం వేటనుగూర్చి కాదు. మగవారు వెదురు విల్లుతో, కుక్కలతో వేటకు పోయేవారు, వేటంటే వారికి మక్కువ. కాని రోజూ కడుపు నింపింది త్రవ్విన దుంపలు, ఏరిన పండ్లు, ఇప్పపువ్వు. మాంసం దొరకని రోజులే ఎక్కువ.

రాతియుగంలో కూడా మన నేలమీద ఇట్లాగే జరిగి ఉంటుందనడం తప్పు కాదు. మంచుదేశంలో చెట్టుచేమ లేదు, మాంసమే గతి. కృష్ణాతీరాన ఆ కొరత లేదు. దుంప త్రవ్విన కర్ర, పండు మోసిన బుట్ట, కౌజు పిట్టను పట్టిన ఉచ్చు, కుందేటిని చిక్కించిన వల, ఇవన్నీ మట్టిలో కలిసినవి. రాయి మిగిలింది, రాయి పట్టిన వేటగాని కీర్తి మిగిలింది. ఉచ్చు పన్నినది ముసలివాడు కావచ్చును, ఉడుమును బొరియనుండి లాగినది పిల్లవాడు కావచ్చును. ఆడవారు పెద్ద వేటకు పోనే పోరన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు కొండలమీద సుమారు 9,000 ఏండ్లనాటి ఒక సమాధిలో వేట పనిముట్లు పూర్తిగా పక్కన పెట్టి పూడ్చిన మనిషి స్త్రీ అని 2020లో తేలింది.

ఉపాధ్యాయులకు ఒక మాట. నల్లగొండ, సూర్యాపేట జిల్లాలలో వాగుల ఒడ్డున, గట్ల మొదట చెక్కిన రాయి పిల్లల కంటబడవచ్చును. సహజంగా పగిలిన రాతికి, మనిషి చెక్కిన రాతికి తేడా ఉన్నది: చెక్కిన రాతికి దెబ్బ తగిలిన చోట ఉబ్బు, అక్కడనుండి అలలవలె పరచుకొన్న గీతలు కనబడుతవి. అట్టిది కనిపిస్తే సంచిలో వేసుకొని పోకుండా, ఉన్నచోటనే ఉంచి, ఫోటో తీసి, ఏ వాగు, ఏ గట్టు, ఎంత లోతు అన్నది వ్రాసుకొని పురావస్తు శాఖకు తెలుపడం మేలు. చోటు తెలియని చేగొడ్డలి బల్లమీద బరువుకు పనికివస్తుంది, అంతే. నాగార్జునకొండ దీవిమీది ప్రదర్శనశాలలో ఆ లోయ రాతి పనిముట్లు చూడవచ్చును. విహారయాత్రకు పోయిన పిల్లలు బుద్ధుని శిల్పాల దగ్గరనే ఆగిపోకుండా వాటిని కూడా చూపించండి.

వేటమీదనే బ్రతికే కాలం మన ప్రాంతంలో ఎట్లా ముగిసిందో చెప్పే సాక్ష్యం కృష్ణకు ఎగువన, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఉన్నది. అక్కడ ఒక పెద్ద బూడిదదిబ్బ ఉంటే 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు త్రవ్వి చూచినాడు. 4,000 ఏండ్లకు పూర్వం కొత్తరాతి యుగపు మనుషులు అక్కడ మానులు పాతి దొడ్డి కట్టి, పశువులను లోపల ఉంచినారు. పేడ కుప్ప పడింది. దానిని మళ్ళీ మళ్ళీ కాల్చినారు. అదే దిబ్బ అయింది. చుట్టుపట్ల అడవిలో దుప్పి, జింక ఉండనే ఉన్నవి, వేట ఆగలేదు. కాని దొడ్డి నేలమీద, గట్టిపడిన మట్టిలో, పశువుల గిట్టల ముద్రలు ఆల్చిన్‌కు కనబడినవి. లక్షల ఏండ్లపాటు మనిషి గిట్టల జాడ పట్టుకొని అడవిలోకి పోయినాడు. ఉట్నూరులో ఆ జాడ అతని ఇంటి ముందు ఉన్నది.